పడవకు చెప్పిన మాటలు

1957 ఫిబ్రవరి 2, శనివారం. ఎన్నూరు రేవు, ఉదయం ఆరుంబావు.

పడవలో ఉన్నవారు: ముక్కు దగ్గర మామగారు, తలకు తువ్వాలు చుట్టుకుని, వీపు నావైపు పెట్టి. నడుమ నా భార్య. ఆమె పక్కన నీళ్ల కూజా, పులిహోర గిన్నె, మామగారి అక్కగారికి తీసుకువెళ్తున్న చీరలున్న చిన్న ట్రంకుపెట్టె. చుక్కాని దగ్గర నేను. అత్తగారు ఒడ్డున నిలబడ్డారు, పడవ ఎక్కలేదు. "వాళ్లిద్దర్నీ చూసి నవ్వకుండా కూర్చోడం నా వల్ల గాదు" అన్నారు.

ఆనాటి డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. ఇప్పుడది నా ముందు ఉంది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి, అక్షరాలు మాత్రం చెదరలేదు. ఆ పుస్తకంలో ఒక విశేషం ఉంది. తెరిస్తే ఎడమ పేజీకి ఒక శీర్షిక, కుడి పేజీకి మరో శీర్షిక కనిపిస్తాయి. ఎడమవైపు "నాకు చెప్పినవి". కుడివైపు "పడవకు చెప్పినవి". అలా ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

మామగారు కాలువ మీద సరుకు పడవలు నడిపి పెద్దవాడైన మనిషి. నెల్లూరు వైపు నుంచి మద్రాసుకు కట్టెలు, సున్నపు గుల్లలు, ఉప్పు తెచ్చేవారు. వయసు మీద పడ్డాక పెద్ద పడవలు వదిలేసి, ఒక చిన్న తెరచాప పడవ మాత్రం ఉంచుకున్నారు. ఒకే స్తంభం, ఒకే చాప, నలుగురు కూర్చునే చోటు. ప్రతి మాఘమాసంలో దాని మీద పళవేర్కాడు వెళ్లి అక్కగారిని చూసి వచ్చేవారు. నేను బడిలో గోడకు వేలాడదీసే మ్యాపులో ఆ ఊరి పేరు పులికాట్. అక్కగారికి మోకాళ్లు పట్టేసి కదలలేరు. బస్సెక్కి వెళ్లవచ్చు కదా అంటే ఆయన లేచి పడవ తాళ్లు చూసుకోవడానికి పోయేవారు. సొంత చాప మీద తప్ప ఆ ఇంటి ముందు ఆయన ఏనాడూ దిగలేదు.

ఆయన కళ్లలో పొరలు కమ్మడం మొదలైంది. ముందటి ఏడు తిరిగి వస్తూ వలలు కట్టే గుంజకు పడవను గుద్దేశారు. జాలరులు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ సంగతి ఇంట్లో నెలరోజులు దాచారు. బయటపడ్డాక, ఎన్నూరులో సున్నపు బట్టీ పెట్టుకున్న ఒకాయన పడవను తనకిమ్మని అడగడం, మామగారు "చూద్దాం" అనడం జరిగాయి. ఆ మాట విని నా భార్య మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆమెకు అన్నదమ్ములు లేరు.

"ఆ పడవ పోతే నాయన గుమ్మం కాడ కూర్చోని అట్నే ముసిలోడై పోతాడు" అంది. ఆ వెంటనే, "మీరు నేర్చుకోకూడదా?" అంది.

నేను నవ్వాను. జార్జిటౌనులో ఒక తెలుగు బడిలో భూగోళం చెప్పే మాస్టరును నేను. మహాసముద్రాల పేర్లు వరుసగా చెప్పగలను గాని, మోకాలి లోతు దాటి నీళ్లలో దిగి ఎరగను. ఆమె నవ్వలేదు. వ్యాసర్పాడిలో మా అద్దె ఇంటి నుంచి నడిచి వెళ్లి, బేసిన్ బ్రిడ్జిలో రైలెక్కి, 1956 జూన్ మొదటి ఆదివారం ఎన్నూరులో దిగాను. ఆ తరువాత వానలు పట్టేదాకా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. డైరీ సాక్ష్యం.

మొదటి చిక్కు ఈత. ముందు ఈత రావాలని మామగారి అభిప్రాయం. కాని అల్లుణ్ణి నీళ్లలో దూకమని మామ ఎలా చెబుతాడు? ఆయన అత్తగారితో చెప్పారు, అత్తగారు నా భార్యతో చెప్పారు, ఆమె నాతో చెప్పింది.

"మీ నాయన నన్ను ముంచమన్నారా?" అన్నాను.

"ముంచమనలా. తేలమన్నాడు. మునిగేది మీ ఇష్టం."

నాలుగు ఆదివారాలకు తేలాను. నలభై బారలు ఈదగలిగితే చాలునని మళ్లీ అదే దారిన కబురు వచ్చింది.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. పడవ నేర్పేవాడు అరవాలి. నీళ్ల మీద ఆలోచించుకునే వ్యవధి ఉండదు. మామగారేమో నన్ను "అల్లుడుగారూ", "మీరు" అనకుండా పలకరించి ఎరగరు. మొదటి రోజు గాలి చాపను నింపింది, పడవ గట్టువైపు పరుగు తీసింది. ఆయన ముందుకు వంగి, ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, మీరు వేరేగా అనుకోబాకండి, మీకు తెలవందేం గాదు, ఆ చేతిలో తాడుండాది చూసినారా, దాన్ని రవంత..." అన్నారు. ఆ వాక్యం పూర్తయ్యేలోపల పడవ ముక్కు గట్టు మట్టిలో దిగింది.

రెండోసారీ అంతే. మూడోసారి గట్టు దగ్గరికి వస్తుండగా ఆయన మొహం ఎర్రబడింది. పెదవులు బిగించారు. ఒక్కసారిగా పడవ అంచు మీద అరచేత్తో కొట్టి అరిచారు.

"ఏమే మొద్దుదానా! గాలి యాడుండాది, నువ్వు యాడ చూస్తా ఉండావు? నిద్రపోతా ఉండావా? ఒదలవే తాడు! ఒదులు!"

నేను తాడు వదిలేశాను. చాప రెపరెపలాడి ఖాళీ అయింది, పడవ నెమ్మదించి నీళ్ల మీద నిలిచింది. మామగారు నావైపు చూడలేదు. "అట్టా," అని పడవ చెక్కను నిమిరారు.

ఆ క్షణం నుంచి మాకు దారి దొరికింది. మర్యాదలన్నీ నాకు, తిట్లన్నీ పడవకు. గట్టు మీద కూర్చున్న నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం, నాయన ఈ పడవను ఇన్ని తిట్లు తిట్టింది నేను పుట్టినకాడి నుంచీ ఇనలేదు" అనేది.

సాయంత్రం రైల్లో డైరీ తీసి రెండు పేజీలుగా విడదీసి రాసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. కొన్ని వారాలకు గమనించాను. ఎడమ పేజీలో ఎక్కువ భాగం నా ఆరోగ్యం గురించి, బడి గురించి, "మీకు తెలవందేముంది" అనే మాట గురించి ఉంది. విద్యంతా కుడి పేజీలో ఉంది. కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తాను.

"గాలిని కళ్లతో యాడ చూస్తావే? చెవులుండాయి గదా! రెండు చెవుల్లోనూ ఒకటే మోత ఇనపడితే అది నీ మొగం మీద ఉన్నట్టు."

"నీళ్ల రంగు చూడు. ఒట్టి టీ రంగుంటే లోతు. పాలు పోసిన టీ మాదిరి ఉంటే బురద. తాగేటప్పుడు తెలస్తాది, పోయేటప్పుడు తెలవదా?"

"కూరుకపోతే ముందు చాప దించు. బలం చూపియ్యబాక. నిన్ను బురదలోకి తోసిన గాలి ఇంకా ఆణ్ణే ఉండి తోస్తానే ఉంటాది."

ముడులు మాత్రం ఇంట్లో నేర్చుకున్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని, చూడకుండా వేయాలి, ఒక్క లాగుతో ఊడిరావాలి. వ్యాసర్పాడిలో మా వరండా స్తంభానికి తాడు కట్టి రోజూ బడికి వెళ్లేముందు ఇరవైసార్లు వేసేవాణ్ణి. రైల్వే యార్డులో పనిచేసే పక్కింటాయన డ్యూటీకి పోతూ వారం రోజులు చూశాడు. ఆఖరికి ఆగి అడిగాడు.

"ఏం సారూ, పాడి ఎనుమును గాని కొంటా ఉండారా?"

"లేదండీ, పడవ."

"పడవా?" ఆయన వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. "సరి సరి. వానాకాలానికి ముందే జాగర్త పడతా ఉండారు."

ఆపడం నేర్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. పడవను నడపడం కంటే నిలపడం కష్టమని నేను అంతకుముందు ఊహించలేదు. ఎన్నూరు నీళ్లలో ఒక వెదురు గుంజ పాతి ఉండేది. మామగారు ముక్కు దగ్గర కూర్చుని భుజం మీది తువ్వాలు చేతిలో పట్టుకునేవారు. పడవ ఆ గుంజ పక్కన నిలవాలి. ఆయన వంగకుండా, చెయ్యి చాచకుండా తువ్వాలు దానికి తగిలించగలగాలి. మొదట్లో గుంజను గుద్దాను. తరువాత దూరంగా దాటిపోయాను. సెప్టెంబరు 9న డైరీలో ఒకే వాక్యం ఉంది: "తువ్వాలు తగిలించారు." ఆ కింద, తరువాతి ఆదివారం తారీఖుతో: "తువ్వాలు తిరిగి తీసుకున్నారు." ఆ వారమంతా ఎండకూ గాలికీ తువ్వాలు అక్కడే ఉంది.

ఆ నెలాఖరున ఆయన ఒడ్డునే నిలబడి, "ఇయాళ నాకు మోకాలు నొప్పి" అన్నారు. ఆయనకు మోకాలు నొప్పి ఎన్నడూ లేదు. నేనొక్కణ్ణే రైలు వంతెన దాకా వెళ్లి తిరిగి వచ్చాను. పోయేటప్పుడు చుక్కానిని రెండు చేతులతో పట్టుకున్నాను. వచ్చేటప్పుడు ఒక చెయ్యి చాలింది. మధ్యలో ఏం మారిందో నాకు తెలియదు. తిట్టేవారు లేనందువల్ల పడవను నేనే రెండుసార్లు తిట్టుకున్నట్టు మాత్రం రాసి ఉంది.

ఇక గాలుల పేర్లు. మామగారు దిక్కులను తూరుపు, పడమర అని మనలాగే అనేవారు గాని, గాలులకు వేరే పేర్లుండేవి. ఇన్నేళ్లు తమిళ పడవవాళ్లతో కలిసి తిరిగినందువల్ల వచ్చిన పేర్లు. "వాడ" అంటే ఏమిటని అడిగాను. ఉత్తరపు గాలి అన్నారు. రాసుకున్నాను. అలా తెలియని మాట వచ్చినప్పుడల్లా అడిగాను. ఆగస్టులో ఒకరోజు గట్టు మీద అన్నం తింటూ ఆయన నాతోనే, ఎంతో నిదానంగా చెప్పారు.

"కొండల్ వచ్చిందంటే, అల్లుడుగారూ, ఎడల్పు నీళ్లల్లో తూరుపు పక్క ఇసక వారనే పట్టుకోని పోవాల. మరిసిపోయి పడమటికి పోయినామా, బురదే."

ఈ మాటకు అర్థం అడగవలసిన అవసరం నాకు కనబడలేదు. బాగా తెరిపిచ్చిన రోజుల్లో పడమటివైపు చాలా దూరంలో నీలంగా కొండలు కనిపించేవి. కొండల మీది నుంచి వచ్చేది కొండల గాలి. ఎడమ పేజీలో ఆయన మాట రాసి, పక్కన నా అంతట నేనే అర్థం చేర్చాను: "కొండల్, అనగా పడమటి గాలి." వానల కాలమంతా పడవ ఒడ్డున బోర్లించి ఉన్నప్పుడు ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. ముఖ్యమైనవాటి కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ వాక్యం కింద రెండు గీతలు ఉన్నాయి.

జనవరి చివరి వారంలో బట్టీ ఆయన మళ్లీ వచ్చి గట్టిగా అడిగాడు. మామగారు అతన్ని ఫిబ్రవరి 4, సోమవారం రమ్మన్నారు. అతను వెళ్లాక, నేను పక్కనే ఉన్నా, కూతురితో చెప్పారు.

"అమ్మణ్ణీ, శనివారం అల్లుడుగార్ని పళవేర్కాడు దాకా పడవ తోలుకోని పోనీ. నేను చెయ్యి పెట్టను. నోరు తెరవను. పడవతో గూడా మాట్లాడను. సక్కంగా పోయినామా, పడవ మనకాడే ఉంటాది. ల్యాదా, సోమవారం ఆయనకు సరి అని చెప్పేస్తా."

అందుకే ఆ శనివారం ఉదయం ఆయన వీపు నావైపు పెట్టి కూర్చున్నారు. తాడు విప్పేముందు మొహం ఎత్తి, ముక్కుతో గాలి పీల్చి, ఆఖరిమాటగా, "పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపల కొండల్ తిరగతాది, అల్లుడుగారూ. మంచిదే. ఇంక నేను మాట్లాడను" అని తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నారు.

కాలువలో దాదాపు ఐదు గంటలు హాయిగా గడిచాయి. పొద్దుటి గాలి నేల మీది నుంచి, వాయవ్యంగా, సన్నగా వీచింది. చాప సగం నిండితే సగం గెడతో తోశాను. రెండువైపులా ఉప్పుమళ్లు. తట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు గట్టు వెంట వరుసగా పోతున్నారు. గుల్లల పడవ ఒకటి ఎదురొచ్చింది. దాని మీది ముసలాయన మామగారిని గుర్తుపట్టాడు.

"ఏం పెద్దాయనా! డ్రైవర్ని పెట్టినావా?"

మామగారు తల మాత్రం ఊపారు.

"ఏందబ్బా, నోరు పడిపోయిందా?"

"మౌనవ్రతం!" అని నా భార్య అరిచింది.

"ఈయనకా! ఎన్నాళ్లంట?"

"పళవేర్కాడు దాకా!"

అవతలి పడవలో నవ్వులు చాలాసేపు వినిపించాయి. మామగారి భుజాలు కదిలాయి గాని తువ్వాలు బయటికి రాలేదు.

పదకొండు దాటాక కాలువ విప్పారి వెడల్పు నీళ్లలో కలిసింది. తూర్పున సముద్రానికీ ఈ నీళ్లకూ మధ్య సన్నటి ఇసుక దిబ్బ, పడమట కనుచూపు మేర చదునైన నేల. పొద్దుటి గాలి ఆగిపోయింది. కాసేపు నీళ్లు అద్దంలా ఉన్నాయి. తరువాత నా కుడి చెంపకు చల్లగా తగిలింది. సముద్రం మీది నుంచి, నేరుగా తూర్పు నుంచి గాలి వచ్చింది. చాప నిండింది.

ఇక్కడ నేను ఏమేమి ఆలోచించానో డైరీలో వివరంగా ఉంది. వచ్చినది తూర్పు గాలి. మామగారు చెప్పినది కొండల్. అంటే ఆయన లెక్క తప్పింది. కళ్లు పోయినట్టే, గాలి పసిగట్టే శక్తి కూడా పోతున్నదేమో. ఆ మాట పైకి చెప్పి పెద్దవాణ్ణి నొప్పించడం ఎందుకు? నేనే సర్దుకుంటే సరిపోతుంది. కొండల గాలికి తూర్పు వార పట్టాలన్నది ఆయన సూత్రం. ఈ గాలి దానికి సరిగ్గా ఎదురు. కాబట్టి పట్టవలసింది పడమటి వార. బడిలో పిల్లలకు లెక్క చెప్పినంత తేలికగా నాలో నేను చెప్పుకుని, చుక్కాని తిప్పాను.

మామగారు చెంప నిమురుకుని, ఇసుక దిబ్బ వైపు తిరిగి, తృప్తిగా తల ఊపారు. గాలి తాననుకున్న సమయానికే వచ్చిందని ఆయన సంతోషం. నేను కునికిపాటు అనుకున్నాను. పడవ ఏ ఒడ్డుకు పోతున్నదో ఆయన కళ్లకు ఆనదు.

పావుగంట గడిచింది. నీళ్లు పాలు పోసిన టీ రంగుకు వచ్చాయి. నేను చూశాను. చూసి కూడా, ఎర్ర సిరా గీతలను తలుచుకుని ముందుకే పోయాను. అప్పుడు మామగారు తల ఎత్తారు. ముక్కు ఎగబీల్చారు. కాళ్ల వేళ్లన్నీ విడిపోయి పడవ చెక్కను పట్టుకున్నాయి. రెండు చేతులతో తువ్వాలును నోట్లోకి ఇంకా లోపలికి తోసుకున్నారు.

"ఏమండీ," అంది నా భార్య మెల్లిగా, "నాయన కాళ్లు చూడండి."

చూసేలోపలే అడుగున మెత్తగా ఏదో తగిలింది. చప్పుడేమీ కాలేదు. ముక్కు బురదలోకి జారి, పడవ నిలిచిపోయింది.

ఆమె చుట్టూ చూసింది. "పడమటికి ఎందుకు తోలారు?"

"కొండల్ రాలేదు కదా," అన్నాను గొంతు తగ్గించి. "మీ నాయన పొరబడ్డారు. వచ్చింది తూర్పు గాలి."

ఆమె నన్ను, గాలికి పొంగిన చాపను, మళ్లీ నన్ను చూసింది.

"తూరుపు గాలినే గదా కొండల్ అనేది!"

"కొండల నుంచి వచ్చేది..."

"కొండలు గాదండీ! కొండల్! అరవ మాట!"

ఆమె నవ్వు ఆపుకోలేక ట్రంకుపెట్టె మీద తల పెట్టేసింది. మామగారు ఇటు తిరగలేదు. ఆయన వీపు మొత్తం కదిలిపోతోంది. కోపమో నవ్వో నాకు తెలియలేదు. కాని తువ్వాలు నోట్లోనే ఉంది, చేతులు ఒడిలోనే ఉన్నాయి. అది చూశాక నాకు అర్థమైంది. పరీక్ష ఇంకా ముగియలేదు. ఆయన పెదవి విప్పితే, చెయ్యి కదిపితే ముగిసినట్టు. అవేవీ ఆయన చేయలేదు. పడవ మా ఇంట్లో ఉంటుందో, సోమవారం బట్టీ ఆయన వెంట పోతుందో ఇక నా చేతిలో ఉంది.

కుడి పేజీ గుర్తుచేసుకున్నాను. ముందు చాప దించాను. గెడతో లోతు చూశాను: ముక్కు దగ్గర రెండు జానలు, వెనక నడుము లోతు. లంగరు భుజాన వేసుకుని వెనకవైపు నుంచి నీళ్లలో దిగాను. బురద మోకాళ్ల దాకా పట్టింది. వచ్చిన దారినే, గాలికి ఎదురుగా నడిచాను. నీళ్లు రొమ్ము దాకా, భుజాల దాకా వచ్చాయి. కాళ్లు అందనిచోట లంగరు వదిలి, తాడు పట్టుకుని ఈదుకుంటూ వెనక్కి వచ్చాను. ఇరవై బారలు ఉంటుంది. నలభై బారలు ఎందుకు ఈదమన్నారో అప్పుడు తెలిసింది. పడవ ఎక్కి, పడవే లంగరు వైపు జరగాలని ఆ తాడు లాగాను. నా భార్య గెడ తీసుకుని బురదను తన్నింది. పడవ కొంచెం కదిలి ఆగింది. బరువంతా ముక్కు మీద ఉంది. ముక్కు మీద ఉన్నది మామగారు.

"మామగారూ," అన్నాను, "మీరు వేరేగా అనుకోకపోతే, మీకు ఇబ్బంది లేకపోతే, కాస్త ఇటువైపు..."

తాడు చేతుల్లోంచి జారుతోంది. గాలి మళ్లీ తోస్తోంది. నా వాక్యం ఇంకా పూర్తి కాలేదు. పడవ అంచు మీద అరచేత్తో కొట్టాను.

"ఏమే మొద్దుదానా! అంత బరువు ముక్కు మీద పెట్టుకుని కూర్చుంటే యాడ కదులుతావే! వెనక్కి జరుగు! జరుగు!"

మామగారు లేచి, చెక్కలు తడుముకుంటూ, నేను ఎన్నడూ చూడనంత చురుగ్గా వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముక్కు తేలింది. ఇద్దరం లాగాం, నేనూ నా భార్యా. బురద ఒక్కసారి గుటకవేసినట్టు శబ్దం చేసి పడవను వదిలేసింది.

చాప ఎత్తి తూర్పు ఇసుక వారకు చేరేసరికి ఒంటి గంట. అక్కడ నీళ్లు ఒట్టి టీ రంగులో, అలలు లేకుండా ఉన్నాయి. పులిహోర తిన్నాం. మామగారు తినడానికి తువ్వాలు తీశారు, తిని మళ్లీ పెట్టుకున్నారు.

నాలుగు గంటలకు పళవేర్కాడులో అక్కగారి ఇంటి వెనక రేవులో, గుంజ పక్కన పడవను నిలిపాను. అక్కగారు కర్ర పట్టుకుని ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఎవురురా తోలింది?"

మామగారు చేత్తో నన్ను చూపించారు.

"నోటితో చెప్పలేవా, మూగోడా?"

ఆయన గట్టు మీద రెండు కాళ్లూ మోపి, తువ్వాలు తీసి, నిట్టూర్చి, "ఆమా అక్కా. అల్లుడుగారే" అన్నారు. ఆ తరువాత కొండల్ కథ మొత్తం చెప్పారు. చూడకపోయినా అన్నీ చూసినట్టే చెప్పారు. అక్కగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పడవ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. సక్కంగా పోయినామా అన్నది ఆయన షరతు. బురదలో దిగి లేచి పోవడం సక్కంగా పోవడం అవుతుందా? నా భార్య అడగబోయింది. నేను వద్దన్నాను. దీపం పెట్టేవేళకు డైరీ తీసి, ఎడమ పేజీలో ఆగస్టు నాటి నా అర్థాన్ని కొట్టేసి, సరైనది రాశాను.

మర్నాడు ఆదివారం, ఏడు గంటలకు తిరుగు ప్రయాణం. నేను ముందుగా రేవుకు వెళ్లి చాప సర్ది, తాళ్లు కట్టి ఉంచాను. అక్కగారు మెట్టు మీద, నా భార్య ఆమె పక్కన వీడ్కోలు మాటల్లో ఉన్నారు. మామగారు పడవలోకి దిగి, రోజూ చేసేటట్టే, ఒక్కొక్క తాడునూ వేళ్లతో తడుముతూ వచ్చారు. చాప తాడు దగ్గర ఆగారు. ఆయన మొహం ఎర్రబడడం చూసి, పడవకు మూడిందనుకున్నాను.

"ఏంరా!" అన్నారు. నేను వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. "నిన్నేరా! బుద్ధుండాదా నీకు? ఎన్ని తూర్లు చెప్పినా, ఈడ బిగిముడి ఎయ్యబాకని! గాలి ఒక గుద్దు గుద్దితే దీన్ని దేంతో ఊడదీస్తావు, పళ్లతోనా?"

మెట్టు మీద నా భార్య లేచి నిలబడింది. అక్కగారు కర్ర నేలకు కొట్టారు. "ఒరే! ఇంటి అల్లుణ్ణి పట్టుకోని ఏంరా అంటావా! మతి పోయిందా నీకు?"

"అల్లుడు ఇంటికాడక్కా. పడవ మీద ఇంకెవుర్ని తిట్టేది? ఇది ఏం జేసింది, పాపం?" అని చెక్క మీద తట్టి, మళ్లీ నావైపు తిరిగారు. "రేపు ఆ సున్నం ఆయన వస్తే, పడవ ఇచ్చేది ల్యా అని నువ్వే చెప్పు. నేను చెప్తే తగువైతాది. ముందు ఆ ముడి ఇప్పు."

ముడి విప్పాను. చేతులు వెనక్కి పెట్టుకుని, చూడకుండా, మళ్లీ వేశాను. ఆయన వేళ్లతో తడిమి, కొసను ఒక్క లాగు లాగారు. ఊడివచ్చింది. ఇంకోసారి వేయించారు. తరువాత ముక్కు దగ్గరికి పోయి, ఈసారి మొహం నావైపు పెట్టి కూర్చున్నారు.